ఆక్సొలాటల్‌ను పెంచడం ఎలా: ముందు నీళ్లు, తర్వాతే జంతువు

జీవితమంతా మొప్పలతో నీళ్లలోనే బతికే మెక్సికో ఉభయచరం ఆక్సొలాటల్‌ను పెంచాలని మనసు పడ్డారా? అయితే మొదటి ఆరు వారాలు మీ తొట్టిలో నీళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. ఖాళీ తొట్టి ముందు కూర్చుని రోజూ నీళ్లకు పరీక్షలు చేస్తుంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

నేను మొదటిసారి ఈ వరసంతా తిరగేశాను. అమ్మినతను "గోల్డ్‌ఫిష్‌ని పెంచినంత తేలిక" అన్నాడు, నమ్మేశాను. జంతువు, తొట్టి ఒకే రోజు ఇంటికొచ్చాయి. అడుగున అందమైన గులకరాళ్లు, పైన జోరుగా నీళ్లు చిమ్మే ఫిల్టరు, కళ్లు చెదిరే లైటు. మూడో రోజుకి దాని మొప్పలు ఈదురుగాలికి తిరగబడ్డ గొడుగులా ముందుకు వంగిపోయాయి. తోక చివర కొక్కెంలా చుట్టుకుంది. ఓ మూల నక్కి కూర్చుంది. నేను చేసిన నాలుగు పనుల్లో నాలుగూ తప్పే. అది బతికిందంటే అందులో నా గొప్పేమీ లేదు, దాని ప్రాణం గట్టిది.

ఆ దెబ్బతో ఒకటి అర్థమైంది. ఈ జంతువు అడిగే ప్రతిదానికీ కారణం దాని ఒంట్లోనే ఉంది. ఆ కారణం తెలిస్తే రూల్సు బట్టీ పట్టక్కర్లేదు. అందుకే ఏ పని చెప్పినా దాని వెనకున్న సంగతి కూడా చెబుతాను. కాస్త ఓపిగ్గా చదవండి.

1. తెచ్చుకునేది ఏమిటో ముందు తెలుసుకోండి

చాలామంది దీన్ని "నడిచే చేప" అంటారు. చేప కాదు. కప్పల్లాగే ఉభయచరం, బల్లిలా తోకతో ఉండే సాలమాండర్ల జాతి. శాస్త్రీయ నామం ఆంబిస్టొమా మెక్సికానమ్. తోకకప్ప పెరిగి కప్ప అవుతుందని మనకు తెలుసు కదా, సాలమాండర్లలోనూ చాలావరకు అంతే. పిల్లగా ఉన్నప్పుడు నీళ్లలో మొప్పలతో బతుకుతాయి. పెద్దయ్యేసరికి మొప్పలు కరిగిపోతాయి, కళ్లకు రెప్పలొస్తాయి, నేల మీదికి ఎక్కేస్తాయి. ఆక్సొలాటల్ మాత్రం ఈ రెండో సగం జోలికే పోదు. సుమారు ఏడాదికి గుడ్లు పెట్టే ఈడు వస్తుంది, ఒళ్లు మాత్రం పిల్లదే. తల వెనక ఈకల్లాంటి మూడు జతల మొప్పలు, తోక పొడవునా పల్చటి రెక్క, రెప్పలు లేని కళ్లు, అన్నీ అలాగే ఉండిపోతాయి. దీన్నే నియోటెనీ అంటారు.

దీని కథ తమాషాగా ఉంటుంది. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు 34 ఆక్సొలాటల్స్ ప్రాణాలతో చేరాయి. వాటిలో ఆరింటిని ఆగస్ట్ డ్యూమెరిల్ అనే శాస్త్రవేత్త పెంచాడు. అవి గుడ్లు పెట్టాయి, పిల్లలు పుట్టాయి. 1865లో ఆ పిల్లల్లో కొన్ని ఉన్నట్టుండి మొప్పలు రాల్చేసుకుని మామూలు సాలమాండర్లయిపోయాయి. తల్లిదండ్రులు నీళ్లలోనే ఉన్నాయి, పిల్లలు ఒడ్డెక్కాయి! అప్పటి శాస్త్రవేత్తలకు ఇదొక పెద్ద తలనొప్పి. చిక్కుముడి థైరాయిడ్ దగ్గర విడింది. రూపం మారడానికి కావలసినంత థైరాయిడ్ హార్మోన్ ఈ జంతువు ఒంట్లో తయారవదు. బయటినుంచి అందితే మాత్రం ఒళ్లు స్పందిస్తుంది. 1920లో జూలియన్ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్త థైరాయిడ్ గ్రంథినే తిండిగా పెట్టి వీటిని నేల సాలమాండర్లుగా మార్చి చూపించాడు.

ఇది మీకెందుకంటే, ఎవరో ఒకరు "నీళ్లలో అయొడిన్ వేస్తే పెద్దదవుతుందట, వేసి చూడు" అంటారు. చచ్చినా వేయొద్దు. ఆ మార్పు ఒంటిని పీల్చేస్తుంది. చాలా జంతువులు మధ్యలోనే చనిపోతాయి, గట్టెక్కినవి కూడా ఎక్కువ కాలం బతకవు. ఇది ఎదగడం ఆగిపోయిన జంతువు కాదు, నీళ్లకోసమే ఇలా కుదురుకున్న జంతువు. మారకుండా ఉంటే 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. అంటే మీరు చేపను కాదు, కుక్కపిల్లను పెంచుకున్నంత కాలానికి మాటిస్తున్నారు.

ఇక దాని సొంతూరు. మెక్సికో సిటీకి దక్షిణాన షొచిమిల్కో అనే సరస్సు, దాని కాలువలు. పక్కనే చాల్కో అనే సరస్సులో కూడా ఉండేవి, దాన్ని ఎండగట్టేశారు. సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉన్న నీళ్లు అవి. చల్లగా ఉంటాయి, మెల్లగా కదులుతాయి, బురదబురదగా ఉంటాయి. మెక్సికో ప్రాచీన ప్రజలైన అజ్టెక్కుల నాటినుంచి అక్కడ చినాంపాలని నీళ్ల మధ్య మట్టిదిబ్బల మీద పంటలు పండిస్తున్నారు. పేరు కూడా వాళ్ల నావాట్ల్ భాషదే. "ఆట్ల్" అంటే నీళ్లు, షొలొట్ల్ వాళ్ల దేవుడు. బలి తప్పించుకోవడానికి ఆ దేవుడు రూపాలు మార్చుకుంటూ పారిపోయి, చివరికి నీళ్లలో ఈ జంతువై దాక్కున్నాడని కథ. వేషాలు మార్చే దేవుడి పేరు రూపమే మార్చని జంతువుకు దక్కడం నాకెప్పుడూ నవ్వొచ్చే విషయం.

"చల్లగా, మెల్లగా, మసకగా." ఈ మూడు మాటలు ఓ కాగితం మీద రాసి తొట్టికి అంటించుకోండి. ఇక ముందు చెప్పబోయేవన్నీ వీటిలోంచి పుట్టేవే.

2. ఎక్కణ్నుంచి తేవాలి

బందీగా పుట్టిన పిల్లనే తీసుకోండి. ఇందులో రాజీ లేదు. షొచిమిల్కోలో 1998 సర్వే నాటికి చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉండేవి. 2014కి ఆ లెక్క 36కి పడిపోయింది. నగరం మురికి ఒక కారణమైతే, తిండికోసం వదిలిన కార్ప్, తిలాపియా చేపలు ఇంకో కారణం. అవి వీటి గుడ్లనూ పిల్లలనూ తినేస్తాయి. అప్పటిదాకా ఆ నీళ్లలో పెద్ద చేపల బెడదే ఎరగని జంతువు కాబట్టి తప్పించుకోవడం దానికి పెద్దగా రాదు. 2021లో వచ్చిన మెక్సికో 50 పెసోల నోటు మీద దీని బొమ్మ వేశారు. నోట్ల మీద ఎక్కడ చూసినా ఉంది, కాలువల్లో మాత్రం వెతికినా దొరకడం లేదు.

అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఇది రెండో అనుబంధంలో ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాల్లో ఇంట్లో పెంచడమే నిషేధం. మీరున్నచోట చట్టం ఏమంటుందో కనుక్కుని, కావలసిన కాగితాలు చేతికొచ్చాకే డబ్బు కట్టండి.

రంగు మీ ఇష్టం. అడవి రంగు మచ్చల గోధుమ-నలుపు. ఒళ్లు తెల్లగా ఉండి కళ్లు నల్లగా ఉంటే లూసిస్టిక్, కళ్లు కూడా ఎర్రగా ఉంటే ఆల్బినో. ఆల్బినో జన్యువు అసలు వీటిది కాదు, 1960లలో టైగర్ సాలమాండర్‌తో సంకరం చేసినప్పుడు వచ్చి చేరింది. నీలి కాంతిలో పచ్చగా మెరిసేవి కూడా ఉన్నాయి, వాటిలో జెల్లీఫిష్ జన్యువు ఉంటుంది. రంగు కన్నా మొప్పలు చూడండి. కుచ్చులు గుబురుగా ఉండాలి, పొట్ట తల వెడల్పుకు సమానంగా ఉండాలి, మీ ఎదురుగా ఒక్క ముక్కైనా తినాలి. అరచేతి పొడవు దాటనిది తొలిసారి పెంచేవాళ్లు తీసుకోకపోవడమే మంచిది. చిన్నపిల్లలు ఊరికే చనిపోతాయి.

3. తొట్టి సర్దడం

పెద్దది 23 సెంటీమీటర్ల దాకా పెరగడం మామూలే, కొన్ని 30 దాటతాయి. ఇది ఈదేదానికన్నా అడుగున నడిచేదే ఎక్కువ. కాబట్టి తొట్టికి ఎత్తు కాదు, నేల ముఖ్యం. ఒక్కదానికి 75 లీటర్లు కనీసం. చోటుంటే 110 పైన వెళ్లండి. ఎన్ని ఎక్కువ నీళ్లుంటే మీ తప్పులు అంత పల్చబడతాయి.

అడుగున గులకరాళ్లు వద్దు. ఎందుకో తిండి దగ్గర చెబుతాను. చిన్నదైతే అడుగు ఖాళీగా వదిలేయండి. 15 సెంటీమీటర్లు దాటాక జల్లెడ పట్టిన సన్నని ఇసుక వేయొచ్చు, కాళ్లకు పట్టు దొరుకుతుంది. దూరి కూర్చోవడానికి రెండు గూళ్లు పెట్టండి. పగిలిన పూలకుండీ సగం పెట్టినా చాలు, అంచులు నున్నగా ఉంటే సరి. లైటు అక్కర్లేదు. కళ్లకు రెప్పలే లేని జంతువు మీద ట్యూబ్‌లైట్ వేస్తే అది కళ్లు ఎలా మూసుకుంటుంది చెప్పండి?

ఫిల్టరు స్పాంజ్‌ది వాడండి. గాలి బుడగలతో నిదానంగా నడుస్తుంది. జోరు ఫిల్టరే ఉంటే దాని నోటిని గోడవైపు తిప్పి ధార విరగ్గొట్టండి. తొట్టికి మూత కూడా కావాలి. అప్పుడప్పుడూ గాలి మింగడానికి పైకొస్తుంది, ఆ ఊపులో బయటికి దూకిన సందర్భాలున్నాయి.

తోడుగా రెండు చేపలు వేద్దామా అనుకుంటున్నారా? వద్దు. చేపలకు ఆ మొప్పల కుచ్చులు కదిలే పురుగుల్లా కనబడతాయి, పీకి తింటాయి. చేప చిన్నదైతే ఇది దాన్ని మింగుతుంది. రెండు వైపులా నష్టమే.

4. నీళ్లను పెంచడం (అసలు పని ఇదే)

ఆక్సొలాటల్ తిన్నదంతా చివరికి అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. మొప్పలు బయట వేలాడుతూ, చర్మంతో కూడా ఊపిరి తీసే జంతువుకు అమ్మోనియా అంటే ఒళ్లంతా మంట. దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా స్పాంజ్‌లో స్థిరపడాలి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది కొంచెమైతే ఫరవాలేదు. ఈ రెండు గుంపులూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ వారాలే మీరు ఖాళీ తొట్టికి కాపలా కాసేది.

పని ఇలా మొదలుపెట్టండి. తొట్టి నింపి, క్లోరిన్ తీసే మందు వేయండి. కుళాయి నీళ్లలో క్లోరమైన్ కూడా ఉంటే ఒక రాత్రి నిలవ ఉంచినా పోదు, అందుకే మందు తప్పదు. ఆ మందు సీసా మీద కలబంద కలిపినట్టు రాసుంటే అది చేపల కోసం, మీకు పనికిరాదు. తర్వాత రంగు, సువాసన లేని అమ్మోనియా ద్రావణం చుక్కలు వేస్తూ 2 పీపీఎం (పది లక్షల భాగాలకు రెండు) దగ్గర ఆపండి. ద్రవంతో పరీక్షించే కిట్ కొనండి, కాగితపు పట్టీల కన్నా నమ్మకం. ఫిల్టరు నడుస్తూనే ఉండాలి.

మొదటి వారం ఏమీ జరగదు. విసుగొస్తుంది. ఏదో తప్పు చేశామని టెన్షన్ కూడా వస్తుంది. తర్వాత ఒక రోజు అమ్మోనియా తగ్గి, నైట్రైట్ గొట్టం ఊదారంగుకు తిరుగుతుంది. నా దగ్గర అది దాదాపు మూడు వారాలు ఊదాగానే ఉండిపోయింది. ఓ ఉదయం పరీక్ష చేస్తే లేత నీలం. నమ్మలేక మళ్లీ చేశాను, మళ్లీ నీలమే! 2 పీపీఎం అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కనబడితే నీళ్లు తయారైనట్టు. సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్‌ను దించి, అప్పుడు జంతువును తేవచ్చు.

పీహెచ్ 7.4 - 7.6 మధ్య ఉంటే బాగుంటుంది, 6.5 నుంచి 8 దాకా తట్టుకుంటుంది. నీళ్లు కొంచెం కఠినంగా, అంటే ఖనిజాలు ఉన్నవి కావాలి. ఆర్వో నీళ్లు ఒక్కటే పోస్తే ఒంట్లోని లవణాలు చర్మంలోంచి జారిపోతాయి.

ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజ్‌ను కుళాయి కింద కడగొద్దు, ఆరు వారాల కష్టం క్లోరిన్ పాలవుతుంది. తీసిన పాత నీళ్లలోనే పిండండి.

5. చల్లదనం

చాలామంది ఓడిపోయేది ఇక్కడే. దీనికి కావలసింది 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్. 20 దాకా ఇబ్బంది లేదు. 24 దాటి రోజులు గడిస్తే ప్రాణం మీదికొస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అదే సమయంలో ఒంటి యంత్రం వేగంగా తిరిగి ప్రాణవాయువు ఎక్కువ అడుగుతుంది. పైగా బూజు, బ్యాక్టీరియా కూడా వేడికి చెలరేగుతాయి. మూడు వైపులనుంచీ ఒకేసారి దెబ్బ.

నీళ్ల మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే ఆవిరై రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో అంత కూడా తగ్గదు. గడ్డకట్టిన నీళ్ల సీసాలు వేయడం ఆపద్ధర్మమే, గంటలో దించి మళ్లీ ఎక్కించే ఆ ఊయల దాన్ని ఇంకా కుంగదీస్తుంది. వేడి ప్రాంతమైతే అక్వేరియం చిల్లర్ ఒక్కటే దారి. పేరు చిల్లర్ గానీ ఖర్చు చిల్లర కాదు. అది కొనగలరో లేదో తేల్చుకున్నాకే మిగతావన్నీ కొనండి. ఆ ఖర్చు భారమనిపిస్తే ఈ జంతువు ఇప్పటికి మీకు కాదు అని ఖరాకండిగా చెబుతాను.

6. ఇంటికి తెచ్చిన రోజు

సంచీని తొట్టిలో తేలేసి ఓ అరగంట ఆగండి, మధ్యలో తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా సంచీలో పోస్తుండండి. జంతువును మాత్రమే లోపలికి వదలండి, ఆ సంచీ నీళ్లు పారబోయండి. చేత్తో పట్టుకోవద్దు. దాని ఎముకల్లో చాలా భాగం మృదులాస్థే, చర్మం మీదున్న జిగురు పొర దాని కవచం. తప్పనిసరైతే సబ్బు అంటని తడి చేత్తో లేదా మెత్తటి వలతో కిందనుంచి ఎత్తండి. మొదటి రెండు రోజులు తినకపోతే కంగారు పడొద్దు.

7. తిండి

వానపాము. ఇంతకు మించిన తిండి దీనికి లేదు. పురుగుమందులు తగలని మట్టిలోవైతేనే పెట్టండి. పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి ఒకటో రెండో చాలు. వేలంత పిల్లలకు రోజూ బ్లడ్‌వర్మ్స్ అనే ఎర్రటి చిన్న పురుగులు, తరిగిన వానపాము. గుళికల తిండి బయటికెళ్లిన రోజుకు ఉంచుకోండి. కోడి, మాంసం ముక్కలు వద్దు, ఆ కొవ్వు దీనికి అరగదు. బతికున్న చేపలు పెడితే వాటితోపాటు రోగాలూ వస్తాయి.

పెట్టే తీరు ఒక్కసారి దగ్గరగా చూడండి. మొద్దు కొసల పటకారుతో వానపామును దాని మూతికి రెండు వేళ్ల దూరంలో పట్టుకోండి. మొదట ఏమీ జరగదు. అది బొమ్మలా నిలబడి ఉంటుంది. చూపు అంతంతమాత్రమే కానీ వాసన పసిగడుతుంది, నీటి కదలికను ఒంటి మీది పార్శ్వరేఖతో పసిగడుతుంది, బతికున్న కండరాల నుంచి వచ్చే సన్నని విద్యుత్తును కూడా తెలుసుకునే అవయవాలు దాని తలలో ఉన్నాయి. తల ఓ వెంట్రుకవాసి పక్కకు తిరుగుతుంది. ఓ కాలు ముందుకు పడుతుంది. అంతే, "టప్" అని చిన్న చప్పుడు. పటకారు ఖాళీ. వానపాము తోక ఒక్కటి పెదవుల మధ్య మీసంలా ఊగుతూ ఉంటుంది.

అది కొరకలేదు. గొంతు అడుగును ఒక్కసారిగా కిందికి దించి నోరు తెరిచింది, ఆ ఖాళీలోకి నీళ్లతో పాటు వానపామూ దూసుకెళ్లింది. పళ్లు ఉన్నా అవి పట్టుకోవడానికే, నమలడానికి కాదు. గులకరాళ్లు వద్దన్నది ఇందుకే. ముందున్నదంతా పీల్చుకునే నోటికి రాయి ఏదో తిండి ఏదో తేడా తెలీదు. తల కన్నా చిన్న రాయి ఏదైనా కడుపులో ఇరుక్కోవచ్చు.

తినకుండా వదిలేసిన ముక్కలను అరగంటలో తీసేయండి. లేకపోతే ఆరు వారాలు పెంచిన నీళ్లు ఒక్క రాత్రిలో పాడవుతాయి.

8. ఒంటిని చదవడం నేర్చుకోండి

ఇది అరవదు, మూలగదు. దాని భాషంతా మొప్పల్లోనూ తోకలోనూ ఉంటుంది. మొప్పలు వెనక్కి వాలి గుబురుగా, అప్పుడప్పుడూ ఓసారి విదిలిస్తూ ఉంటే హాయిగా ఉన్నట్టు. ముందుకు వంగిపోతే ధార జోరు ఎక్కువైంది, లేదా నీళ్లు పాడయ్యాయి. కుచ్చులు కరుగుతూ పొట్టివైతే అమ్మోనియా చూడండి. తోక చివర చుట్టుకుంటే ఏదో దాన్ని చికాకు పెడుతోంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతుంటే నీళ్లు వేడెక్కి ఉంటాయి. ఊపిరితిత్తులు కూడా ఉన్న జంతువు కాబట్టి ఎప్పుడో ఒకసారి వస్తే మామూలే. ఒంటి మీద దూదిలా తెల్లటి పీచు కనబడితే బూజు.

వీటిలో ఏది కనబడినా మందు సీసా కన్నా ముందు పరీక్ష కిట్, థర్మామీటరు చేతిలోకి తీసుకోండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు జబ్బు నీళ్లదే. జంతువును శుభ్రమైన, చల్లని, క్లోరిన్ తీసిన నీళ్లున్న డబ్బాలోకి మార్చి రోజూ ఆ నీళ్లన్నీ మారుస్తూ ఉంటే చాలా సమస్యలు అక్కడే సద్దుమణుగుతాయి. చేపల మందులు వేయకండి. చర్మం ద్వారానే పీల్చుకునే ఒంటికి ముఖ్యంగా రాగి కలిసిన మందులు విషం. రెండు రోజుల్లో తేడా లేకపోతే ఉభయచరాల వైద్యం తెలిసిన పశువైద్యుల దగ్గరికి వెళ్లండి.

9. కాలు పోతే

ఇది రాయడానికే నేను ఈ గైడ్ మొదలుపెట్టానేమో. ఓసారి రెండు పిల్లలను ఒకే తొట్టిలో ఉంచాను. ఒకటి కొంచెం పెద్దది. పొద్దున్నే చూస్తే చిన్నదాని ముందు కాలు మోచేతి కింద లేదు. పిల్లలప్పుడు ఇవి ఎదురుగా కదిలేదాన్నల్లా కొరుకుతాయి, అందుకే సైజు వారీగా విడదీయాలి. నేను విడదీయలేదు.

మీకూ ఇలా జరిగితే చేయాల్సింది చాలా తక్కువ. విడిగా పెట్టండి. నీళ్లు రోజూ మార్చండి, చల్లగా ఉంచండి. పసుపు, లేపనం, మందు, ఏదీ పూయొద్దు. బాగా తినిపించండి. ఆ పైన చూడ్డమే మీ పని.

ఒక్క రోజులోపే చుట్టుపక్కల చర్మకణాలు పాక్కుంటూ వచ్చి గాయాన్ని కప్పేస్తాయి. మనకైతే ఆ కింద మచ్చ కణజాలం గట్టిపడి కథ ముగిసేది. దీనికి మచ్చ పడదు. వారం, రెండు వారాలకు తెగిన కాలి మొండి చివర ఆవగింజంత బుడిపె లేచింది. దీన్ని బ్లాస్టిమా అంటారు. చర్మం కింది కణాలు తమ పని మానేసి, మళ్లీ పిల్లకణాల్లా విభజించుకుంటూ, కండరంలోని మూలకణాలతో కలిసి గుమిగూడిన ముద్ద అది. అలాగని ఏ కణమైనా ఏమైనా అయిపోదు. 2009లో మెరిసే కణాలతో వెంబడించి చూస్తే చాలా కణాలు తమ పుట్టుక మరచిపోవని తేలింది. కండరం కణం మళ్లీ కండరమే కడుతుంది.

తర్వాత బుడిపె సాగి తెడ్డులా అయింది. దాని అంచున రెండు చిన్న నొక్కులు పడ్డాయి. ఆ తర్వాత ఒక్కో వేలూ లేచింది, అద్దంలోంచి చూస్తే లోపలి రక్తనాళాలు కూడా కనబడేంత పల్చగా. ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనక కాళ్లకు ఐదేసి. లెక్క తప్పలేదు. సుమారు ఏడు వారాలకు నాలుగు వేళ్లతో పూర్తి చెయ్యి, మిగతాదానికన్నా కొంచెం సన్నగా, లేతగా. పెద్ద జంతువైతే నెలలు పడుతుంది. తాను పట్టిన ఆక్సొలాటల్‌కు మూడే కాళ్లని ఎవరైనా పట్టుబడితే వాదించకండి, రెండు నెలలాగి రమ్మనండి.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది, ఎక్కడ తెగితే అక్కణ్నుంచే పెరగడం. మణికట్టు దగ్గర తెగితే చెయ్యి మాత్రమే, భుజం దగ్గర తెగితే మొత్తం. అక్కడి కణాలకు తామెక్కడున్నామో తెలుసు. ప్రయోగశాలలో మణికట్టు బ్లాస్టిమాకు విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు ఆ చిరునామా చెరిగిపోయి, మణికట్టు మీదే మళ్లీ పూర్తి చెయ్యి మొలిచింది. ఇంకో సంగతి, ఆ కాలికి వెళ్లే నరం తెగితే పెరుగుదలే ఉండదు. సాలమాండర్లలో ఈ విషయాన్ని టాడ్ అనే ఆయన 1823లోనే గమనించాడు. చెత్త ఎత్తిపోసే రోగనిరోధక కణాలు, మాక్రోఫేజ్‌లు లేకపోయినా అంతే, కాలు రాదు, మచ్చ పడుతుంది. ఇది 2013లో తేలింది.

కాళ్లే కాదు, తోక, దానిలోని వెన్నుపాము, దవడ, గుండెలో కొంత, మెదడులో కొంత కూడా తిరిగి కట్టుకోగలదు. ఇదంతా రాసిపెట్టుకున్న పుస్తకం కూడా చిన్నది కాదు. 2018లో చదివిన దీని జీనోమ్‌లో, అంటే మొత్తం జన్యు సమాచారంలో, దాదాపు 3,200 కోట్ల అక్షరాలున్నాయి, మనదానికి పది రెట్లు.

అయితే దీన్ని చూసి "ఎలాగూ వస్తుందిగా" అని అజాగ్రత్త వద్దు. ఒకే కాలు పదేపదే తెగితే ఆ శక్తి తగ్గిపోతుంది, వంకర కాళ్లు, తక్కువ వేళ్లు వస్తాయి. వేడి నీళ్లలో, మురికి నీళ్లలో తెగిన మొండి కుళ్లిపోతుంది కూడా.

10. గుడ్లు పెడితే

ఆడా మగా తెలియడానికి ఏడాది ఆగాలి. వెనక కాళ్ల వెనక మగదానికి స్పష్టంగా ఉబ్బు ఉంటుంది, ఆడది గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. మగది అడుగున జిగురు పొట్లాల్లో వీర్యం పెడుతూ ముందు నడుస్తుంది, ఆడది వెనక వచ్చి వాటిని ఎత్తుకుంటుంది. ఆ తర్వాత ఆకులకు ఒక్కొక్కటిగా 100 నుంచి 1,000 గుడ్లు అంటిస్తుంది. రెండు మూడు వారాల్లో సెంటీమీటరు పిల్లలు బయటికొస్తాయి. తోకకప్పలకు వెనక కాళ్లు ముందు వస్తే వీటికి ముందు కాళ్లు ముందు వస్తాయి. బతికున్న చిట్టి జీవాలు తప్ప ఏమీ తినవు. మామూలుగా పెట్టేది ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి రొయ్యల పిల్లలను, వాటిని రోజూ మీరే పొదిగించాలి.

ఐదు వందల పిల్లలకు ఐదు వందల ఇళ్లు వెతకగలరా? లేకపోతే ఆడా మగా కలిపి ఉంచకండి. గుడ్లు పెట్టేసి ఉంటే, మొదటి ఒకటి రెండు రోజుల్లోనే అక్కర్లేనివి గడ్డకట్టించి పారేయండి. వినడానికి కటువుగా ఉన్నా ఆకలితో ఒకదాన్నొకటి తినే పిల్లలను చూడ్డం కన్నా నయం. చెరువులో, కాలువలో మాత్రం ఎప్పుడూ వదలొద్దు. షొచిమిల్కోలోకి బయటి చేపలు వచ్చి చేసిన పనే ఇవి ఇంకెక్కడో చేస్తాయి, లేదా తొట్టి రోగాలను అక్కడి కప్పలకు అంటిస్తాయి.

వారం రోజులు ఊరెళ్లాల్సి వస్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్దదానికి తిండి గురించి బెంగ అక్కర్లేదు. బయల్దేరే ముందు రోజు కడుపునిండా పెట్టి, మర్నాడు నీళ్లు మార్చి వెళ్లండి. పక్కింటివాళ్లకు తాళం ఇస్తే తిండి పెట్టమని చెప్పొద్దు, జాలిపడి డబ్బా అంతా కుమ్మరిస్తారు. రోజూ ఒకసారి వచ్చి థర్మామీటరు ఫొటో తీసి పంపమనండి, చాలు.